‘దటిల్ బీ ద డే’కి తెలుగులో ఏమందాం?

జాన్ ఫోర్డ్ తీసిన ‘ద సెర్చర్స్’ (1956) చూసినవాళ్లు ఒక చిక్కు విప్పాలి. కథ 1868లో, టెక్సాస్‌లో మొదలవుతుంది. తోడబుట్టినవాడి ఇంటిమీద కోమాంచీలు (అక్కడి ఆదివాసీ తెగ) పడి, చిన్నపిల్ల డెబీని ఎత్తుకుపోతే ఈథన్ (జాన్ వేన్) ఏళ్ల తరబడి వెతుకుతాడు. పిల్లను తెచ్చుకోవడానికా, వాళ్లలో కలిసిపోయిందన్న కసితో చంపడానికా? చివరిదాకా ఆ భయం పోదు. అతని ఊతపదం ‘దటిల్ బీ ద డే’, అంటే ‘అది జరిగినప్పుడు చూద్దాంలే’ అన్న వెటకారం, జరిగే పని కాదని. వదిలేస్తావా అని వెతికే దళం నాయకుడు క్లేటన్ అడిగినా అదే, ‘నువ్వు చావాలి’ అని వెంట తిరిగే కుర్రాడు మార్టిన్ అతని మొహం మీదే అన్నా అదే. సబ్‌టైటిల్‌లో రెండు చోట్లా ఒకే మాట పడాలి. ఏం పెడదాం?

జవాబు: ‘నట్టే’ ఉందిగా అండీ. వదిలేస్తావా? వదిలేసినట్టే!

జవాబు: మొదటి చోట భేష్. రెండో చోట ‘చచ్చినట్టే’ అంటే ‘నా పని అయిపోయింది’ అని అర్థమొచ్చి కూర్చుంటుంది. నట్టేతో ఎప్పుడూ ఇదే తంటా. ‘ఇల్లు పూర్తయినట్టే’లో సంబరముందో వెటకారముందో గొంతు వింటేగానీ తెలీదు. పైగా మన వెటకారం ఎదుటివాడి క్రియనే పట్టుకుని తిప్పికొడుతుంది. వస్తాడా? వచ్చాడులే! ఇస్తాడా? ఇచ్చినట్టే! ఈథన్ అలా కాదు, ఎవరేమన్నా ఒకటే రాయి విసురుతాడు.

జవాబు: ‘ఏడిశావులే’?

జవాబు: మార్టిన్ కుర్రాడు కాబట్టి చెల్లుతుంది. క్లేటన్ అటు పాస్టరు, ఇటు రేంజర్ల (టెక్సాస్ సాయుధ దళం) కెప్టెను. ఆయన్ని అలా అంటే మరీ మొరటు. నా ఓటు ‘ఆ ముచ్చటా చూద్దాం!’కి. రెండు చోట్లా అతుకుతుంది.

జవాబు: అన్నా, మా కరీంనగర్ దిక్కు ముచ్చటంటే మాట, సంగతి. ‘గా ముచ్చట సూద్దాం’ అంటే తర్వాత మాట్లాడుకుందాం అన్నట్టైతది, ఎటకారం పోతది. మేమైతే ‘అయినట్టే తియ్’ అంటం.

అడిగినవాణ్ణి మళ్లీ: ‘అయినట్టే తియ్’ కూడా రెండు చోట్లా నిలుస్తుంది, ఒప్పుకుంటాను. కానీ నేను ముచ్చటకే మొగ్గుతున్నాను. మార్టిన్ ఆ మాటన్న సందర్భం చూడండి. బాణం గాయంతో ఉన్న ఈథన్, డెబీ బతికే ఉన్నా నాకు రక్తసంబంధీకులెవరూ లేరంటూ ఆస్తి మార్టిన్‌కి రాస్తాడు. కుర్రాడికి ఒళ్లు మండి నువ్వు చావాలంటాడు. అక్కడ ముచ్చట అంటే కోరిక. నీ కోరిక తీరదులే అన్న పొగరు అందులో వినపడుతుంది. పగలో మునిగినవాడి నోట అదే పండుతుంది. అవతల కోమాంచీ నాయకుడు స్కార్‌దీ కొడుకులను పోగొట్టుకున్న పగే.

జవాబు: ఈ సినిమా చూశాకే టెక్సాస్ కుర్రాడు, రాక్ అండ్ రోల్ గాయకుడు బడీ హాలీ ఆ మాటతో పాట కట్టాడు, 1957లో అది విడుదలైంది. అందులో ప్రియురాలు వదిలిపోతానంటుంది, వాడు నమ్మడు. ‘ఆ ముచ్చటా చూద్దాం’ అక్కడా పల్లవికి పనికొస్తుంది. కరీంనగర్ తమ్ముడు ఒప్పుకోడేమో!