ఫిబ్రవరి 11 సభ: ఘంటసాల ఒక్కరికేనా, ఆ తేదీ మొత్తానికా?

నాగావళి_ఒడ్డు (రాయగడ):
అందరికీ నమస్కారం. సభకి ఇంకా మూడు వారాలుంది, గొడవ మాత్రం అప్పుడే మొదలైపోయింది. ఫోన్లలో మాటలు జారేకన్నా ఇక్కడ రాసుకుంటే మేలని ఈ చర్చ తెరుస్తున్నాను.

విషయం ఇదీ. ఏటా ఫిబ్రవరి 11న ఘంటసాల గారి వర్ధంతికి రాయగడ, గుణుపురం, కోరాపుట్, పర్లాకిమిడి, బరంపురం పాటగాళ్లం ఒకచోట కలిసి పాడుకుంటున్నాం కదా. 1974లో ఆ రోజే ఆయన మద్రాసులో పోయారు, 51 ఏళ్లకే. ఈసారి మన కుర్రాళ్లు మొదటి అరగంట తమకి కావాలంటున్నారు. "సంగీత చరిత్రలో ఈ రోజు" అని తెర మీద బొమ్మలతో చెబుతారట. 1963 ఫిబ్రవరి 11న లండన్‌లో బీటిల్స్ అనే ఇంగ్లిష్ పాటల బృందం రికార్డింగ్, 2012 ఫిబ్రవరి 11న అమెరికాలో గాయని విట్నీ హూస్టన్ మరణం, మధ్యలో మన ఘంటసాల. పెద్దవాళ్లు ససేమిరా అంటున్నారు. నాకైతే ఎటూ తేలడం లేదు. మీరు చెప్పండి.

సుంకి_ఘాట్ (కోరాపుట్):
నేను ఒప్పుకోను. వర్ధంతికి పిలిచి, ఎలాగూ వచ్చారు కాబట్టి పక్కింటివాళ్ల తద్దినం కూడా ఇక్కడే కానిచ్చేద్దాం అన్నట్టుంది. క్యాలెండర్‌లో ఉన్నవి 365 గళ్లు. వందేళ్ల పాటల చరిత్రని వాటిలో సర్దితే ప్రతి గడిలోనూ నలుగురైదుగురు పడతారు. అందులో వింతేముంది? రైల్లో ఒకే బోగీలో కూర్చున్నంత మాత్రాన చుట్టాలైపోతారా?

ఇంకో మాట. ఘంటసాల మనకి దూరపు మనిషి కాదు. పుట్టింది కృష్ణా జిల్లా చౌటపల్లిలో అయినా పాట నేర్చుకున్నది విజయనగరంలో. ఇంటింటా మధూకరం ఎత్తుకుని తింటూ చదువుకున్నారు. చేరదీసి నేర్పింది పట్రాయని సీతారామశాస్త్రి గారు. వారిది సాలూరు సంగీత కుటుంబం. మా కోరాపుట్ నుంచి సుంకి ఘాట్ దిగితే సాలూరే. సాలూరి రాజేశ్వరరావు గారి శివరామపురం కూడా అక్కడికి దగ్గరే. అరగంట దొరికితే ఈ కథ చెప్పండి. మన పిల్లలకి ఇది తెలియదు, లండన్ సంగతి మాత్రం తెలుసు.

బరంపురం_కుర్రాడు:
మాస్టారూ, చెప్పేది పూర్తిగా వినకుండానే కొట్టేస్తున్నారు. నేను బీటిల్స్‌ని తెచ్చింది తేదీ కలిసిందని కాదు, ఆ రోజు వాళ్లు చేసిన పని చూసి.

అప్పటికి వాళ్లవి రెండు చిన్న రికార్డులు వచ్చాయి, రెండు వైపులా కలిపి నాలుగు పాటలు. రెండోది బాగా ఆడుతోంది. ఆ ఊపు పోకముందే పెద్ద రికార్డు తేవాలని నిర్మాత జార్జ్ మార్టిన్ పట్టుదల. దానికి 14 పాటలు కావాలి, అంటే ఇంకో పది. ఆ పదీ ఒక్క రోజులో పాడేశారు. అబ్బే రోడ్‌లోని ఈఎంఐ స్టూడియోలో పొద్దున పదికి మొదలుపెట్టి రాత్రి పదిన్నర దాటాక లేచారు. మధ్యాహ్నం స్టూడియో వాళ్లు భోజనానికి వెళితే వీళ్లు అక్కడే ఉండి ప్రాక్టీస్ చేసుకున్నారు. జాన్ లెనన్‌కి ఆ రోజు జలుబు. గొంతు బిళ్లలు చప్పరిస్తూ, పాలు తాగుతూ నెట్టుకొచ్చాడు. గొంతు చించుకుని పాడాల్సిన 'ట్విస్ట్ అండ్ షౌట్' మొదట్లోనే పాడితే మిగతావాటికి గొంతు మిగలదని దాన్ని ఆఖరికి పెట్టారు. రికార్డులో ఉన్నది మొదటి టేకే. ఆ బొంగురు గొంతే ఇప్పటికీ మనం వింటున్నది. మార్చి 22న రికార్డు బయటికి వచ్చింది.

ఇప్పుడు మనవాళ్లు ఒక్క పాటకి పదిసార్లు పాడి, ముక్కలు కోసి, కంప్యూటర్‌లో శ్రుతి దిద్దుకుంటున్నారు. ఆ రోజు సంగతి చెబితే తప్పేంటి?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
మీరిద్దరూ అసలు సంగతి వదిలేశారు. పోయినవాళ్లని మనం తేదీతో తలుచుకుంటామా, తిథితోనా? మా ఇంట్లో తాతగారి ఆబ్దికం ఏ తేదీన వస్తుందో పంచాంగం చూస్తే గానీ తెలియదు. త్యాగరాజ స్వామి ఆరాధన పుష్య బహుళ పంచమి నాడు చేస్తారు, తేదీ ఏటా మారుతుంది. తేదీ పట్టుకుంటే ఆయన సిద్ధి పొందింది 1847 జనవరి 6. అదే జనవరి 6న, 1967లో, ఏఆర్ రెహమాన్ పుట్టారు. తేదీ కలిసిందని తిరువయ్యూరులో ఎవరైనా రెహమాన్ పాట ఎత్తుకుంటారా?

ఘంటసాల గారిది కూడా తిథి ప్రకారం చేస్తే ఈ తగవే ఉండదు. ఏ బీటిల్సూ వచ్చి తగులుకోరు.

ప్యాడ్స్_వాయించేవాడు:
తిథి అంటే హాలు ఎలా బుక్ చేస్తామండీ? ఏటా తేదీ మారితే ఇప్పుడు వస్తున్న అరవై మందిలో ఇరవై మంది కూడా రారు. ఘంటసాల గారి తపాలా బిళ్ల కూడా 2003లో ఫిబ్రవరి 11నే విడుదల చేశారు. పంచాంగం చూసి వేయలేదు.

నా టెన్షన్ వేరే ఉంది. రాత్రి పదికి మైకు కట్టేయాలి. పాడేవాళ్లు ఇప్పటికే 23 మంది పేర్లిచ్చారు. అరగంట బొమ్మలకి పోతే ఎవరి పాట కోస్తారో ముందే చెప్పండి. పోయినసారి నా చుట్టూ చేరి తిట్టారు.

కాఫీ_గింజ (కోరాపుట్):
అన్నయ్యలందరికీ ఒక మాట. విట్నీ హూస్టన్ పోయింది బెవర్లీ హిల్స్‌లో ఫిబ్రవరి 11 మధ్యాహ్నం, నాలుగు కావస్తుండగా. మన దగ్గర అప్పటికే 12వ తేదీ తెల్లవారుజాము, అయిదున్నర అవుతోంది. మర్నాడే గ్రామీ అవార్డుల సభ. ఆమెకి 48 ఏళ్లు. నేను ఆదివారం పొద్దున టీవీ పెడితే అదే వార్త. నా లెక్కలో ఆమెది 12. అంటే మీరు కలుపుతున్న తేదీ గడియారం బట్టి మారిపోయే తేదీ. ఆస్కార్లకీ అంతే. కీరవాణి గారికి వచ్చింది అమెరికాలో 2023 మార్చి 12 రాత్రి, మనం కాఫీలు తాగుతూ చూసింది 13 పొద్దున.

అయితే నేను మాస్టారి పక్షం కూడా కాదు. మా ఇంట్లో ఘంటసాల భగవద్గీత పెడితే మా అత్తగారు వంటింట్లోంచి పరిగెత్తుకొస్తారు, "ఎవరు పోయారే?" అంటూ. మీ ఇళ్లలోనూ అంతే కదా? ఆ రికార్డు బయటికి రాకముందే ఆయన పోయారు. తర్వాత మనం దాన్ని చావు ఇళ్లకీ, ఆఖరి యాత్ర బళ్లకీ అప్పజెప్పేశాం. అంత గొప్ప గొంతుని చావుకి కట్టేసి, మళ్లీ ఏటా చావు రోజునే సభ పెడుతున్నాం. పుట్టినరోజు డిసెంబర్ 4 ఉంది. మన ఊళ్లలో ఆ రోజు ఒక్క పాటైనా ఎవరైనా పాడారా?

ఇంకొకటి, నొప్పించాలని కాదు. మనం ఉంటున్నది ఒడిశాలో. ఒడియా గాయకుడు అక్షయ మహంతి గారు 2002 నవంబర్ 17న పోయారు. మా పక్కింటి ఒడియా ఆంటీ ఆయన పాట వస్తే పని ఆపేసి కూర్చుంటారు. మన సభలకి ఆవిడ వస్తారు, ముందు వరసలో కూర్చుని మనతో పాటు చప్పట్లు కొడతారు. నవంబర్ 17 మనలో ఎవరికైనా గుర్తుందా? లండన్ దాకా వెళ్లేముందు గోడ అవతలికి వెళ్లొచ్చు.

బరంపురం_కుర్రాడు:
అక్కా, చివరి మాట గట్టిగా తగిలింది. మా కాలేజీలో సగం మంది అక్షయ మహంతి పాటలు గిటార్ మీద వాయిస్తారు. నాకు ఆలోచనే రాలేదు.

కానీ టైమ్ లెక్క ఒప్పుకోను. ఎక్కడ జరిగితే అక్కడి తేదీయే తేదీ. లేకపోతే లండన్‌లో వాళ్లు ఆఖరి పాట పాడేటప్పటికి మనకీ 12 తెల్లవారుజామే. అప్పుడు నా బీటిల్స్ కూడా పోతారు.

సుంకి_ఘాట్ (కోరాపుట్):
పోనీయ్ బాబూ, పోతే మంచిదే.

సరే, ఎగతాళి పక్కన పెడతాను. రాత్రి కుర్రాడు రాసింది మళ్లీ చదివాను. ఆ బొంగురు గొంతు దగ్గర ఆగిపోయాను. 1980ల్లో విజయనగరంలో నేను ఒక వయొలిన్ పెద్దాయన దగ్గరికి వెళ్లేవాడిని. మద్రాసులో సినిమా పాటలకి కొన్నాళ్లు వాయించి వచ్చేశారు. ఆయన చెప్పేవారు: పాడేవాడు, వాయించేవాళ్లు అందరూ ఒకే గదిలో, ఒకేసారి. చరణం చివర తబలా జారినా, పాడేవాడికి ఊపిరి చాలకపోయినా మళ్లీ పల్లవి నుంచి. అందుకే ఎవడూ తప్పు చేయడానికి సాహసించేవాడు కాదు, చేస్తే నలభై మంది వాడి వైపు చూస్తారు. కోసి అతికే సౌకర్యం లేదు. ఘంటసాల పద్యాల్లో ఆ ఊపిరి వినిపించేది అందుకే. పద్యం చివర ఆయన ఎక్కడ ఆగి, ఎక్కడ గాలి తీసుకున్నారో చెవి పెట్టి వింటే తెలుస్తుంది.

లండన్‌లో నలుగురు కుర్రాళ్లదీ, మద్రాసులో ఘంటసాలదీ పని తీరు ఒకటే, ఊరు వేరు. ఈ సంగతి చెప్పేటట్టయితే నాకు అభ్యంతరం లేదు. తేదీ కలిసిందని చెప్పేటట్టయితే ఉంది. విట్నీ హూస్టన్ గొప్ప గాయని, కాదనను. కానీ అక్కడ కలిసేది చావు ఒక్కటే. దానికి తెర అక్కర్లేదు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
మాస్టారు కూడా మెత్తబడ్డారన్నమాట. నేను మాత్రం తిథి మీదే ఉంటాను. ఈ ఏడాది ఏ రోజు వచ్చిందో చూసి, మా ఇంట్లో నలుగురం కూర్చుని పాడుకుంటాం. రాదలుచుకున్నవాళ్లు రావచ్చు, కాఫీ ఇస్తాం. 11న సభకీ వస్తాను, అది వేరే.

బరంపురం_కుర్రాడు:
విట్నీని తీసేయమంటే తీసేస్తాను గానీ ఇష్టంగా కాదు. నాకు పాట మీద పిచ్చి పట్టింది ఆమె గొంతు విన్నాకే. ఘంటసాలని తాతయ్య బలవంతంగా వినిపించాడు, ఆమెని నేనే వెతుక్కుని విన్నాను. ఈ రెండూ నాలో ఒకచోటే ఉన్నాయి. మీకు అది చుట్టరికం కాకపోవచ్చు.

నాగావళి_ఒడ్డు (రాయగడ):
నేను అనుకుంటున్నది ఇది, మార్చాలంటే ఆదివారం లోపు చెప్పండి. అరగంట కాదు, పన్నెండు నిమిషాలు. కుర్రాడు లండన్ రికార్డింగ్ సంగతి చెబుతాడు. వెంటనే మాస్టారు సాలూరు గురువు గారి కథ, మద్రాసు రికార్డింగుల కథ చెబుతారు. బొమ్మలు తక్కువ, పాటలు ఎక్కువ. ఘంటసాల పద్యం ఒకటి ట్రాక్ లేకుండా, హార్మోనియం, తబలా మీదే, మొదలెట్టాక ఆపకుండా పాడాలి. తప్పితే తప్పినట్టే. ఎవరు పాడతారు? విట్నీ పాట కుర్రాడు కావాలంటే తన వంతులో పాడుకోవచ్చు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. 23 మందిలో ఎవరి పాటా కోయం. కాకపోతే ఒక్కొక్కరికి ఒకే చరణం.

నవంబర్ 17 గురించి కాఫీ_గింజ గారు విడిగా చర్చ తెరవండి. పక్కింటి ఆంటీ గారిని కూడా అడగండి.

కాఫీ_గింజ (కోరాపుట్):
అడిగాను. ఆవిడే పాడతానన్నారు. శ్రుతి కాస్త ఎక్కువ పెట్టమన్నారు.

ప్యాడ్స్_వాయించేవాడు:
ఒకే చరణం అంటే మళ్లీ నన్నే తిడతారు. చూసుకోండి.