లాంగ్ జంప్‌లో ఫౌల్ పడిన ప్రతిసారీ గుర్తు జరపాలా?

సైట్ క్వాలిటీ (నల్లగొండ)
నాది సైట్‌లో కాంక్రీటు క్వాలిటీ చూసే పని. సాయంత్రం మా అన్న బిడ్డను గ్రౌండ్‌కు తీసుకుపోతాను. తొమ్మిదో తరగతి, లాంగ్ జంప్ చేస్తుంది. పరుగు మొదలుపెట్టే చోట సుద్దతో గుర్తు పెట్టుకుంటారు కదా, నా గొడవంతా దాని మీదే. నిన్న మొదటి జంప్‌లో కాలు ఫౌల్ గీత దాటి 20 సెంటీమీటర్లు పోయింది. వాళ్ల సారు గుర్తును 20 వెనక్కి జరిపారు. రెండోసారి కాలు గీతకు 27 ఇవతల, కాలు మోపి ఎగరాల్సిన బోర్డు కూడా అందకుండా పడింది. 27 ముందుకు జరిపారు. మళ్లీ ఫౌల్. అసలు గుర్తు కదపకుండా ఉంటే ఆ రెండో జంప్ గీతకు 7 ఇవతల, చక్కగా బోర్డు మీదే పడేది. గంటసేపు ఇట్లాగే నడిచింది, పిల్ల ఏడుపు మొహంతో ఇంటికొచ్చింది.

క్వాలిటీ పాఠాలు చెప్పిన డెమింగ్ గరాటు ప్రయోగం ఇదే చెబుతుంది. గరాటు కదపకుండా గోలీలు వదిలితే గుర్తు చుట్టూ కొంత మేర పడతాయి. గోలీ తప్పినంత దూరం గరాటును ఎదురువైపు జరుపుతూ పోతే వేరియెన్స్ (గోలీలు ఎంత చెదిరాయో చెప్పే కొలత) రెట్టింపవుతుంది. మీరేమంటారు?

పాలమూరు పీఈటీ
గరాటుకు కళ్లుండవు తమ్ముడూ, పిల్లకు ఉంటాయి. ఎడిన్‌బర్గ్‌లో డేవిడ్ లీ అనే పరిశోధకుడు, ఆయన తోటివాళ్లు 1982లోనే చూపించారు. పరుగు సాగేకొద్దీ అడుగుల్లో తేడా పెరుగుతూ పోతుంది, చివరి కొన్ని అడుగుల్లో బోర్డును చూసి మనిషే సర్దుకుంటాడు. ఇది యంత్రం కాదు. పైగా పోటీలో ముందు ఇచ్చేవి మూడే ఛాన్సులు. మొదటిది ఫౌల్ అయితే గుర్తు జరపకుండా చేతులు కట్టుకొని నిలబడమంటారా?

ఇంకో మాట. మీ కాంక్రీటుకు పరీక్ష కోసం పోసిన దిమ్మల్లో బలహీనమైన క్యూబ్ లెక్క, మాకు అన్నిటికన్నా దూరం పోయిన జంప్ లెక్క. 1968 మెక్సికో ఒలింపిక్స్ క్వాలిఫయింగ్‌లో బాబ్ బీమన్‌కు రెండు ఫౌల్స్ పడ్డాయి, మూడోదానితో గట్టెక్కాడు. మర్నాడు ఫైనల్‌లో 8.90 మీటర్లు దూకాడు. దాని తర్వాతి జంప్ 8.04. సగటు ఎంతని అడిగినవాళ్లు లేరు. నిలకడ, నిలకడ అని పట్టుకుంటే అందరూ ఒకే తీరు మామూలుగా దూకుతారు.

మిర్యాలగూడ
అది మట్టి రన్‌వేనా, సింథటిక్‌దా? ముందు అది చెప్పండి. వానపడ్డ మర్నాడు మట్టి మీద అడుగే మారిపోతుంది.

సైట్ క్వాలిటీ (నల్లగొండ)
మట్టిదే అన్నా. నిన్న వాన లేదు.

పీఈటీ సార్, 8.90 లెక్కలోకి వచ్చిందంటే కాలు గీతకు ఇవతల పడ్డది కాబట్టే. దూరంలో ఎక్కువ తక్కువలు ఉండనివ్వండి, నేను వద్దనడం లేదు. నేను తగ్గించాలనేది కాలు పడే చోటులో తేడా. బోర్డు వెడల్పే 20 సెంటీమీటర్లు.

కాంక్రీటులోనూ తేడాను దాచిపెట్టం, లెక్కలోకి తీసుకుంటాం. ఎం25, అంటే 25 మెగాపాస్కల్స్ బలమున్న కాంక్రీటు, కావాలంటే 25కు మిక్స్ వేయం. కాంక్రీటు పనులకున్న ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం స్టాండర్డ్ డీవియేషన్ (సగటు నుంచి మామూలుగా ఉండే తేడా) 4 అనుకొని, దానికి 1.65 రెట్లు కలిపి 31.6 మెగాపాస్కల్స్ లక్ష్యంగా పెట్టుకుంటాం. తేడా తగ్గితే ఆ అదనపు సిమెంటు మిగులుతుంది. మేము చేసిన ఒక పనిలో క్యూబ్ తక్కువ వచ్చిన ప్రతిసారీ పైవాళ్లు మిక్స్ మార్చేవాళ్లు. ఒకరోజు సిమెంటు పెంచు, ఇంకోరోజు నీళ్లు తగ్గించు. పైగా ఆ క్యూబ్ ఫలితం 28 రోజుల కిందటి కాంక్రీటుది! చివరకు తప్పంతా మిక్సర్ ఆపరేటర్ మీద వేసి పనిలోంచి తీసేశారు. ఆయన చేతిలో తప్పు లేదని నా రిజిస్టర్‌లో ఉంది. చూపించినా వినలేదు. క్వాలిటీ లెక్కలకు దారి చూపిన షూహార్ట్ 1924లో కంట్రోల్ చార్ట్ గీసింది ఇందుకే కదా: ఎప్పుడూ ఉండే తేడా ఏది, కొత్తగా కారణముండి వచ్చిన తేడా ఏది అని విడదీయడానికి.

పాలమూరు పీఈటీ
క్యూబ్ పగిలితే మీరు ఇంకో మూడు పోస్తారు. నేను పిల్లను మళ్లీ ఎక్కడ పోయాలి?

నాకూ మీలాంటి పెద్దమనిషే ఒకాయన చెప్పాడు, “గుర్తు ముట్టుకోకు, దానంతటదే కుదురుకుంటుంది” అని. విన్నాను. ఆ రోజు సెలక్షన్స్‌లో మా అమ్మాయికి మూడు జంప్‌లూ ఫౌల్, మూడూ బొటనవేలంత తేడాతోనే. నేను ఒక్క అడుగు వెనక్కి జరిపి ఉంటే సరిపోయేది. వచ్చే ఏడు చూద్దామన్నాను, వాళ్లింట్లో పెళ్లి చేసేశారు. అప్పటినుంచి ఫౌల్ పడితే నేను ఊరుకోను. లెక్కలు మీరు చేసుకోండి.

కమ్మరోళ్ల పిల్లగాడు
మా నాయన కొలిమి పని చేసేవాడు. సుత్తి ఎత్తినప్పుడు మోచెయ్యి ఒకసారి పైకి, ఒకసారి పక్కకు పోయేది, దెబ్బ మాత్రం పారకర్రు మొనమీదే పడేది. 1920లలో మాస్కోలో బెర్న్‌స్టెయిన్ అనే శాస్త్రవేత్త కూడా సుత్తి దెబ్బలను ఫొటోలు తీసి ఇదే చూశాడు. కీళ్ల కదలికల్లో తేడా ఉంటుంది, సుత్తి కొసలో తక్కువ. తేడా అంతా చెడ్డది కాదు. ఎక్కడ ఉండాలి, ఎక్కడ ఉండకూడదన్నదే చూడాలి.

సైట్ క్వాలిటీ (నల్లగొండ)
పీఈటీ సార్, ఆ అమ్మాయి సంగతి చదివి మనసు బాధగా అయింది. కానీ మీరు చెప్పిందే మళ్లీ చూడండి. మూడు జంప్‌లూ ఒకేవైపు, ఒకే అంత తప్పాయి. అది చిందరవందర తేడా కాదు, గుర్తే తప్పు చోట ఉంది. అక్కడ జరపాల్సిందే. వెనకనుంచి గాలి తోస్తే కూడా జరపాల్సిందే. మా అన్న బిడ్డది అటూ ఇటూ పోతోంది, దానికి గుర్తు మందు కాదు. నా కోపం గుర్తు జరిపినందుకు కాదు సార్, వాళ్ల సారు కొలవకుండా పిల్లను “నీకు ధ్యాస లేదు” అని తిట్టినందుకు.

పాలమూరు పీఈటీ
అది ముందే చెప్పాల్సింది. తిట్టడం తప్పే.

ప్రాక్టీస్‌లో అయితే సరే, ఆదివారం మా పిల్లలతో ఇరవై పరుగులు పెట్టిస్తాను, గుర్తు కదపను. పోటీ రోజు మాత్రం నా కన్ను చెప్పిందే చేస్తాను, దానికి ఒప్పుకోను.

సైట్ క్వాలిటీ (నల్లగొండ)
బోర్డు దగ్గరే కాకుండా ఆరు అంగల ముందు కాలు ఎక్కడ పడుతుందో కూడా రాయండి సార్. తేడా పరుగు మొదట్లో వస్తుందో, చివర్లో వస్తుందో తెలుస్తుంది.

మిర్యాలగూడ
టేపు ఇనుపదే వాడండి. గుడ్డ టేపు సాగుతుంది.

పాలమూరు పీఈటీ
ఇనుపది స్కూల్లో లేదు, అడిగి తెస్తాను. ఆదివారం రాత్రికి అంకెలు ఇక్కడే పెడతాను.