అప్‌డేట్: ఫైకస్ ఆకులు ముడుచుకోవడానికి కారణం తామర పురుగులే (త్రిప్స్ అనే రసం పీల్చే చిన్న పురుగులు)

మా ఫైకస్ బెంజమినా (అందం కోసం పెంచే మొక్క) కొత్త ఆకులు మధ్య ఈనె వెంబడి మూసుకుపోయి, ఎర్రటి చుక్కలు పడుతున్నాయని, కారణమేంటని ఇంతకుముందు ఒక పోస్టులో అడిగాను. ముడత విప్పి చూడమన్నవారికి థ్యాంక్స్, గుట్టంతా అక్కడే ఉంది. లోపల సుమారు 3 మి.మీ. పొడవున్న సన్నటి నల్ల పురుగులు, లేత పసుపు పిల్లలు, గుడ్లు. ఉద్యాన అధికారి కూడా లెన్సుతో చూసి తామర పురుగులేనన్నారు.

ముందు కొట్టిన వేప నూనె వృథా. మూసుకున్న ఆకు లోపలికి మందు చేరదు మరి! ముడిచిన ఆకులున్న కొమ్మ చివర్లన్నీ కత్తిరించి, కవర్లో మూటగట్టి పారేశాం. తర్వాత లీటరు నీటికి 5 మి.లీ. వేప నూనె, కాస్త సబ్బు నీళ్లు కలిపి, చిగురు వేసే సమయంలో వారానికోసారి మూడుసార్లు కొడితే కొత్త ఆకులు మామూలుగా విచ్చుకున్నాయి.

వైరస్, ఇనుము లోపం, నీళ్లు చాలకపోవడం, వీటికి సంబంధమే లేదు. ఒకసారి ముడిచిన ఆకు మళ్లీ విచ్చుకోదు, దాన్ని చూసి మందు పనిచేయలేదనుకోకండి.