లిఫ్ట్ చేసిన థార్ ముక్కు దించి, ఎడమకు ఒరిగి నిలుస్తోంది: ఎత్తు ఎలా సరిచేయాలి?

చెరువుగట్టు, కావలి:

అందరికీ నమస్కారం. నా దగ్గర 2014 నాటి మహీంద్రా థార్ సీఆర్‌డీఈ జీపు ఉంది. ముందు టోర్షన్ బార్లు (మెలిపడి స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీలు), వెనక కమాను కట్టలు (ఉక్కు పట్టీల స్ప్రింగులు) ఉన్న పాత తరం బండి. కార్తీకం వానలకు మా రొయ్యల చెరువుల గట్లు బురదయ్యి, బండి పొట్ట నేలకు తగులుతుండడంతో రెండు నెలల కిందట ఒక గ్యారేజీలో ఎత్తు పెంచించాను. వెనక ఒక్కో కట్టకు ఒక పట్టీ అదనంగా వేసి, పాతవాటికన్నా పొడవైన షాకిల్స్ (కట్ట చివరను ఛాసిస్‌కు కలిపే ఊగే లింకులు) బిగించారు. ముందు టోర్షన్ బోల్టులు తిప్పి కొద్దిగా లేపారు.

ఇప్పుడు బండి ఖాళీగా నిలబడితే వెనక భాగం బాగా ఎత్తుగా, ముక్కు కిందికి దించినట్టు కనిపిస్తోంది. దానికి తోడు ఎడమకు ఒరుగుతోంది. చక్రం నడిబొడ్డు నుంచి మడ్‌గార్డు అంచు వరకు టేపు పెట్టి కొలిస్తే, కుడి పక్కకన్నా ఎడమ పక్క ముందు 18 మిల్లీమీటర్లు, వెనక 22 మిల్లీమీటర్లు తక్కువ వచ్చింది. జాతీయ రహదారి 16 మీద వేగం 80 దాటితే స్టీరింగ్ నిలకడగా ఉండడం లేదు. ఎడమ టోర్షన్ బోల్టును ఇంకొంచెం బిగిస్తే అంతా సరిపోతుందని గ్యారేజీవారు అంటున్నారు. అది సరైన పనేనా? బండిలో నేను తప్ప మరెవరూ ఉండరు కానీ, 25 కిలోల మేత బస్తాలు ఎనిమిది మాత్రం దాదాపు రోజూ ఉంటాయి.

కమాను కట్ట, ఒంగోలు:

దయచేసి ఆ బోల్టును ఇప్పుడే ముట్టుకోనివ్వకండి. నాలుగు కోళ్ల మంచానికి ఒక కోడు కింద చెక్కముక్క పెడితే బరువు ఆ కోడు మీదా, దానికి ఎదురు మూలన ఉన్న కోడు మీదా పడి, మిగిలిన రెండూ తేలికవుతాయి. బండి కూడా అంతే. ఒరుగు వెనక కట్టల వల్ల వచ్చిందనుకోండి, మీరు ముందు ఎడమ బోల్టు బిగిస్తే పైకి బండి సమంగానే కనిపిస్తుంది గానీ, బరువు ముందు ఎడమ చక్రం మీదా వెనక కుడి చక్రం మీదా పోగుపడుతుంది. తడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేసినప్పుడు తేలికైన చక్రాలు ముందుగా జారతాయి. అందుకే ఒరుగు ఎక్కడ పుట్టిందో తెలుసుకోవడం మొదటి పని.

బండిని నిజంగా మట్టంగా ఉన్న నేల మీద నిలపండి. ఇంటి ముందు సిమెంటు నేలకు నీళ్లు పోవడానికి వాలు ఇస్తారు కాబట్టి దాన్ని నమ్మవద్దు. తాపీమేస్త్రీలు వాడే నీటి గొట్టంతో నాలుగు చక్రాల చోట్లా మట్టం చూసుకోండి. ఇరుపక్కల టైర్లలో గాలి సమానంగా ఉండాలి. ముందు చక్రాలకు అటూ ఇటూ గట్టి దిమ్మెలు పెట్టి, వెనక యాక్సిల్ హౌసింగ్ సరిగ్గా నడిమధ్యన జాకీ పెట్టి, వెనక చక్రాలు నేలను వదిలీ వదలనంత మాత్రమే లేపండి. ఆ సమయంలో ఎవరూ కిందికి దూరకూడదు. ఇప్పుడు యాక్సిల్ ఒకే బిందువు మీద ఊగే స్థితిలో ఉంటుంది గనుక, బండి ఎటు ఒరగాలో ముందు భాగమే నిర్ణయిస్తుంది. ఇంకా ఒరిగే ఉంటే తప్పు టోర్షన్ బార్లది. నిటారైతే తప్పు వెనక కట్టలది.

మీ కొలతల్లో వెనక తేడాయే ఎక్కువ కాబట్టి నా అనుమానం షాకిల్ బుష్‌ల (బోల్టుల చుట్టూ ఉండే రబ్బరు గొట్టాల) మీద. బండిని జాకీల మీద లేపి, కట్టలు వేలాడుతుండగానే షాకిల్ బోల్టులు పూర్తిగా బిగించడం చాలాచోట్ల చూస్తాను, చూసిన ప్రతిసారీ బాధ కలుగుతుంది. అలా బిగిస్తే, బండి నేలకు దిగగానే బుష్‌లోని రబ్బరు మెలిపడి, అదొక అదనపు స్ప్రింగులా పనిచేస్తుంది. రెండు పక్కలా ఒకే మేరకు మెలిపడకపోతే ఒరుగు వస్తుంది, రబ్బరు కూడా త్వరగా చిరుగుతుంది. బండి తన చక్రాల మీద, మామూలు బరువుతో నిలబడి ఉండగా ఆ బోల్టులన్నీ వదులు చేసి, ముందుకూ వెనక్కూ రెండు మూడుసార్లు నెట్టి, అప్పుడు బిగించాలి. ఉప్పు గాలిలో తిరిగే బండి కనుక పట్టీల మధ్య తుప్పు పట్టి అవి ఒకదానిమీద ఒకటి జారకుండా బిగుసుకున్నాయేమో కూడా చూడండి. అప్పటికీ తగ్గకపోతే కుడి కట్టను ఎడమకూ, ఎడమ కట్టను కుడికీ మార్చండి. ఒరుగు కూడా కుడికి మారిందంటే తప్పు ఆ కట్టలోనే ఉన్నట్టు.

రాళ్లదారి, చీమకుర్తి:

పైవారు చెప్పిన దానికి ముక్కు సంగతి కలుపుతాను. ఖాళీ బండిని సమం చేయకండి. బరువు వేసినప్పుడు దిగుతుందనే లెక్కతోనే తయారీదారులు వెనక భాగాన్ని కొంత ఎత్తుగా ఉంచుతారు. మీ ఎనిమిది బస్తాలంటే 200 కిలోలు, అవి వేసి, మీరు సీట్లో కూర్చున్నాక కొలిచిన ఎత్తే మీకు అసలైన ఎత్తు.

స్టీరింగ్ నిలకడ లేకపోవడానికీ ఇదే మూలం కావచ్చు. ముందు చక్రం ఏ గీత చుట్టూ తిరుగుతుందో ఆ గీత కొంచెం వెనక్కి వాలి ఉండడాన్ని క్యాస్టర్ అంటారు. వెనక భాగం లేచినకొద్దీ ఆ వాలు తగ్గి, స్టీరింగ్ దానంతట అది నడిమికి వచ్చే గుణం తగ్గుతుంది. ముందు ఎత్తు మార్చిన ప్రతిసారీ క్యాంబరు (చక్రం నిలువు నుంచి ఒరిగే కోణం), టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండడం) కూడా మారతాయి కాబట్టి చక్రాల అలైన్‌మెంట్ తప్పనిసరి.

టోర్షన్ బోల్టు బిగించినంత మాత్రాన బార్ గట్టిపడదు, నిలిచే ఎత్తు మాత్రమే మారుతుంది. పైకి ఎంత లేపితే చక్రం కిందికి వేలాడే జాగా అంత తగ్గుతుంది. మరీ లేపితే గుంట దాటిన ప్రతిసారీ చక్రాన్ని పట్టి ఉంచే పై ఆర్మ్ దాని కదలికను ఆపే స్టాపర్‌కు కొట్టుకుంటుంది, ముందు యాక్సిల్ జాయింట్ల కోణం పెరిగి వాటి రబ్బరు బూట్లు చిరుగుతాయి. బోల్టు తిప్పేముందు చక్రాన్ని లేపి, మీద బరువు లేకుండా చేయండి, లేకపోతే తుప్పు పట్టిన మర పాడవుతుంది. హెడ్‌లైట్ల కోణం సరిచేసుకోవడం, మీ బండికి వెనక బ్రేకు ఒత్తిడిని బరువును బట్టి మార్చే వాల్వు ఉంటే దాని కడ్డీని కొత్త ఎత్తుకు సరిచేయించడం మరవకండి. వెనక లేచిన బండిని ఆ వాల్వు ఖాళీ బండి అనుకుని బ్రేకు తగ్గిస్తుంది.

తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ నిషేధిస్తుంది. బీమా విషయంలోనూ ఇబ్బంది రావచ్చు కాబట్టి, పొట్ట తగలకుండా ఉండడానికి అవసరమైనంత కన్నా ఒక్క సెంటీమీటరు కూడా ఎక్కువ లేపవద్దన్నది నా అభిప్రాయం.

చెరువుగట్టు, కావలి:

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న తెలిసిన వారి రైసుమిల్లు గోదాములో నీటి గొట్టంతో మట్టం చూసుకుని పరీక్ష చేశాం. వెనక యాక్సిల్ నడిమధ్యన లేపగానే బండి దాదాపు నిటారుగా నిలబడింది. ఎనిమిది బస్తాలు వేసి షాకిల్ బోల్టులు వదులు చేసినప్పుడు ఎడమ పక్క టక్కుమని శబ్దం చేస్తూ లేవడం నేను కళ్లారా చూశాను. మళ్లీ బిగించాక తేడా వెనక 6 మిల్లీమీటర్లకు, ముందు 5కు తగ్గింది. ముందు రెండు పక్కలా సమానంగా 12 మిల్లీమీటర్లు మాత్రం లేపించి, ఈ ఉదయం నెల్లూరులో అలైన్‌మెంట్ చేయించాను. తిరుగు ప్రయాణంలో 80 మీద స్టీరింగ్ నిలకడగా ఉంది. వాల్వు కడ్డీ పని ఇంకా మిగిలి ఉంది, అది అయ్యేవరకు బస్తాలు వేసుకుని హైవే ఎక్కను.