అమెరికా బాయిలర్ థర్మోస్టాట్‌ను మన గీజరుకు కలపవచ్చా?

ప్రశ్న (గుంటూరు, బ్రాడీపేట)

అందరికీ నమస్కారం. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు. తెల్లవారుజామున ఐదున్నరకు వేడినీళ్ల స్నానం చేస్తే గాని ఆవిడకు కాళ్లు స్వాధీనంలోకి రావు. గీజరు స్విచ్చి బాత్‌రూము బయట ఎత్తులో ఉంది. చీకట్లో లేచి వెళ్లి వేసుకుంటున్నారు, పడిపోతారేమోనని నాకు బెంగ. బోస్టన్‌లో ఉండే మా తమ్ముడు ఈసారి వస్తూ ఒక స్మార్ట్ థర్మోస్టాట్ తెచ్చాడు. అక్కడ ఇల్లంతా వెచ్చగా ఉంచే బాయిలర్‌ను అదే నడుపుతుందట, ఫోనులో సమయం పెట్టుకుంటే చాలట. వెనక ఆర్, డబ్ల్యు, సి అని టెర్మినళ్లు ఉన్నాయి. మా గీజరు 25 లీటర్లది, 2000 వాట్లు. లోపలి థర్మోస్టాట్ తీసేసి ఆ స్థానంలో దీన్ని కలుపుతానని మా వీధి ఎలక్ట్రీషియన్ అంటున్నాడు, ఆదివారం వస్తాడు. సరేననవచ్చా? ఇంట్లో 10 ఆంపియర్ల వైఫై స్విచ్ మాడ్యూల్ కూడా ఒకటి వాడకుండా పడి ఉంది.

జవాబు (విజయవాడ, గుణదల)

అమ్మా, ముందు అతనికి ఫోను చేసి ఆ పని వద్దని చెప్పండి. మిగతాది తరువాత మాట్లాడుకుందాం.

ఆర్, డబ్ల్యు, సి అని ఉన్నదంటే అది 24 వోల్టుల మీద పనిచేసే పరికరం. అమెరికా ఇళ్లలో చిన్న ట్రాన్స్‌ఫార్మర్ 24 వోల్టుల ఏసీ ఇస్తుంది. ఆర్ నుంచి కరెంటు వస్తుంది, గది చల్లబడితే థర్మోస్టాట్ ఆర్‌ను డబ్ల్యుతో కలుపుతుంది, ఆ సంకేతం అందుకుని బాయిలర్ వెలుగుతుంది. సి వైరు థర్మోస్టాట్ తెరకు, వైఫైకి ఎప్పుడూ కరెంటు అందడానికి. అంటే అది బాయిలర్‌కు కబురు మాత్రమే పంపుతుంది, పెద్ద కరెంటు బరువు మోయదు. అలాంటి దాని గుండా మన 230 వోల్టులు పంపితే కలిపిన క్షణంలోనే కాలిపోతుంది. మంట కూడా రావచ్చు.

మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్, రిలే (చిన్న సంకేతంతో పెద్ద కరెంటును కలిపి తెంచే స్విచ్చి) పెట్టి కలపవచ్చు కదా అని ఎవరైనా అనవచ్చు. అప్పుడూ పనికి రాదు. అది కొలిచేది గది గాలి వేడిని, గీజరులోని నీటి వేడిని కాదు. అక్కడ బాయిలర్ వెలిగితే గది వేడెక్కుతుంది, థర్మోస్టాట్ తృప్తిపడి ఆపేస్తుంది. మన గీజరు రాత్రంతా వెలిగినా గది వేడెక్కదు. డిసెంబరు చలిలో అది తెల్లవార్లూ 'ఇంకా వేడి కావాలి' అని అడుగుతూనే ఉంటుంది. లోపలి థర్మోస్టాట్ తీసేశాక మొదటి కాపలా పోయినట్టే.

గీజరులో రక్షణ మూడు అంచెలుగా ఉంటుంది. నీరు మీరు పెట్టిన వేడికి చేరగానే థర్మోస్టాట్ ఆపుతుంది. అది చెడిపోతే థర్మల్ కటౌట్ తెంచుతుంది. రెండూ విఫలమై లోపల ఒత్తిడి పెరిగితే సేఫ్టీ వాల్వు వదిలేస్తుంది. మూసి ఉన్న ట్యాంకులో నీరు అదుపు లేకుండా మరిగితే ఆ ట్యాంకు పగిలే బలం చాలా పెద్దది. ఈ మూడింటిలో దేన్నీ తీయడానికి, దాటవేయడానికి ఎవరినీ అనుమతించకండి. మనం ఏ స్మార్ట్ పరికరం పెట్టినా అది గీజరుకు ముందు, బయట ఉండాలి. ఎప్పుడు వెలగాలో అది చూసుకుంటుంది, ఎంత వేడెక్కాలో గీజరే చూసుకుంటుంది.

జవాబు (విజయవాడ, మొగల్రాజపురం)

అక్కా, ఇంత దూరం ఎందుకు? 16 ఆంపియర్ల స్మార్ట్ ప్లగ్గు కొనండి. గీజరు వైరుకు మూడు లావు పిన్నుల ప్లగ్గు ఉంటే సాకెట్టులో దీన్ని గుచ్చి, దీనిలో గీజరు ప్లగ్గు గుచ్చితే అయిపోయింది. మా ఇంట్లో అలాగే నడుస్తోంది. ఎలక్ట్రీషియన్ అవసరమే లేదు.

జవాబు (విజయవాడ, గుణదల)

మొగల్రాజపురం తమ్ముడు చెప్పినది తప్పు కాదు, 2000 వాట్ల గీజరుకు అది సరిపోతుంది. 2000ను 230తో భాగిస్తే దాదాపు 8.7 ఆంపియర్లు. అయితే సాకెట్టు బిగుతుగా ఉండాలి, బాత్‌రూము బయట ఉండాలి. నీళ్లు కాగుతున్నప్పుడు ఒకటి రెండుసార్లు ప్లగ్గును తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నా, సాకెట్టు రంగు మారినా వెంటనే ఆపండి. 3000 వాట్ల ఇన్‌స్టెంట్ గీజర్లు 13 ఆంపియర్లు లాగుతాయి, వాటికి నేను ప్లగ్గు పద్ధతి చెప్పను.

అమ్మా, మీ దగ్గరున్న 10 ఆంపియర్ల మాడ్యూల్ గుండా గీజరును నేరుగా నడపకండి. 8.7 పదికి లోపలే అనిపిస్తుంది గాని, అరగంట పాటు ఆగకుండా, గాలి ఆడని స్విచ్చి డబ్బాలో, దాని చివరి హద్దు దగ్గర నడవడం వేరు. కాలక్రమంలో మాడ్యూల్‌లోని రిలే పలకలు కరిగి అతుక్కుపోవచ్చు. అప్పుడు ఫోనులో 'ఆఫ్' అని కనిపిస్తుంది, గీజరు మాత్రం వెలుగుతూనే ఉంటుంది.

అలాగని దాన్ని పారేయనక్కర్లేదు. 25 ఆంపియర్ల రెండు పోళ్ల మాడ్యులర్ కాంటాక్టర్ తెప్పించండి. అది పెద్ద కరెంటు మోసే రిలే లాంటిది, ఫేజు, న్యూట్రల్ రెండింటినీ కలిపి తెంచుతుంది. దాన్ని పనిచేయించే తీగచుట్ట, అంటే కాయిల్, 230 వోల్టులది కావాలని అడగండి. డీబీలో (ఇంటి కరెంటు పంపిణీ డబ్బా) ఎమ్‌సీబీ (కరెంటు మితిమీరితే పడిపోయే స్విచ్చి) పక్కనే అదే పట్టీ మీద కూర్చుంటుంది. గీజరు ఎమ్‌సీబీ నుంచి ఫేజు, న్యూట్రల్ రెండూ కాంటాక్టర్ గుండా వెళ్లి, ఇప్పుడున్న డీపీ స్విచ్చికి (ఫేజు, న్యూట్రల్ రెండూ తెంచే గీజరు స్విచ్చి), అక్కడి నుంచి గీజరుకు చేరాలి. ఎర్త్ వైరు ఎక్కడా తెగకుండా నేరుగా గీజరుకు వెళ్లాలి. మీ వైఫై మాడ్యూల్‌కు ఫేజు, న్యూట్రల్ ఇచ్చి, దాని అవుట్‌పుట్‌ను కాంటాక్టర్ కాయిల్ కొసల్లో ఏ1కు, రెండో కొస ఏ2ను న్యూట్రల్‌కు కలపాలి. కాయిల్ లాగేది కొద్ది వాట్లే కాబట్టి మాడ్యూల్‌కు శ్రమ లేదు. మీ తమ్ముడి ఇంట్లో థర్మోస్టాట్, బాయిలర్ పని పంచుకున్న పద్ధతే ఇది.

వైరు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగిది, ఎమ్‌సీబీ 16 ఆంపియర్లది ఉండాలి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే తెంచే స్విచ్చి) లేకపోతే ముందు అది పెట్టించండి, స్మార్ట్ స్విచ్చి తరువాత. బోరు నీళ్ల ఉప్పు పేరుకుని హీటింగ్ ఎలిమెంటు తొడుగు తినేసినప్పుడు కరెంటు నీళ్లలోకి వస్తుంది. ఆ క్షణంలో ప్రాణం కాపాడేవి ఎర్త్, ఆర్‌సీసీబీ మాత్రమే. ఈ పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే, మెయిన్ ఆపి చేయించండి. గీజరు థర్మోస్టాట్ తీసేస్తానన్న మనిషికి నేనైతే ఈ పని అప్పగించను.

ప్రశ్న (గుంటూరు, బ్రాడీపేట)

బాబాయి గారూ, చాలా స్పష్టంగా చెప్పారు. అతన్ని వద్దన్నాను. ఇంకా మూడు సందేహాలు. ఎన్నింటికి వెలిగేలా పెట్టాలి? కరెంటు పోయి వస్తే ఏమవుతుంది? వైఫై పనిచేయని రోజు ఆవిడ మళ్లీ చీకట్లో నడవాలా?

జవాబు (విజయవాడ, గుణదల)

నీళ్లు 22 డిగ్రీల దగ్గర ఉన్నాయనుకుంటే, 25 లీటర్లు 55 డిగ్రీలకు కాగడానికి 2000 వాట్ల మీద సుమారు అరగంట, దాదాపు ఒక యూనిట్ పడుతుంది. 4:50కి వెలిగి 5:25కి ఆరిపోయేలా పెట్టండి. ఆవిడ స్నానానికి వెళ్లేసరికి గీజరుకు కరెంటు ఉండకూడదు, ఇది కచ్చితంగా పాటించండి. ఆ వేడినీటిలో చన్నీళ్లు కలిపితే 40 డిగ్రీల నీళ్లు దాదాపు 45 లీటర్లు వస్తాయి, రెండు బకెట్లు. బకెట్‌లో ముందు చన్నీళ్లు, తరువాత వేడినీళ్లు పట్టమనండి. 60 డిగ్రీల నీరు కొన్ని సెకన్లలోనే చర్మాన్ని కాలుస్తుంది, పెద్దవాళ్ల చర్మం ఇంకా పలచన.

కరెంటు వచ్చాక మాడ్యూల్ ఏ స్థితిలో ఉండాలో దాని సెట్టింగుల్లో ఉంటుంది. 'ఆఫ్' పెట్టండి. 'మునుపటి స్థితి' అని వదిలేస్తే, మీరంతా ఊరెళ్లిన రోజు కరెంటు పోయి వచ్చి గీజరు వెలిగే ప్రమాదం ఉంది.

మూడోదానికి మంచి దారి ఉంది. చాలా మాడ్యూళ్లకు మామూలు స్విచ్చి కలుపుకునే ఎస్1, ఎస్2 టెర్మినళ్లు ఉంటాయి. అక్కడి నుంచి వైరు లాగి మీ అత్తగారి మంచం పక్కన చేతికి అందేలా స్విచ్చి పెట్టించండి. ఆ వైర్లలోనూ 230 వోల్టులు ఉండవచ్చు, కాబట్టి పైపులో మామూలు కరెంటు వైరే వాడాలి. వైఫై లేకపోయినా ఆవిడ పడుకున్న చోటు నుంచే వేసుకోవచ్చు.

జవాబు (గుంటూరు, కొరిటెపాడు)

దీనివల్ల కరెంటు బిల్లు కూడా తగ్గుతుందా అండీ? మేము గీజరు వేసి మరిచిపోతుంటాం.

జవాబు (విజయవాడ, గుణదల)

మరిచిపోయే ఇంట్లో తగ్గుతుంది. గీజరు వెలుగుతూ ఉన్నంతసేపు చల్లారిన వేడిని మళ్లీ మళ్లీ నింపుకుంటుంది. 24 గంటల్లో ఎంత పోతుందో స్టార్ లేబుల్ మీదే రాసి ఉంటుంది, చూసుకోండి. వాడుకున్నాక ఆపే అలవాటున్న ఇంట్లో పెద్దగా తేడా ఉండదు.

బ్రాడీపేట అమ్మాయికి ఇంకొక్క మాట. సర్వీసు కోసం ట్యాంకు ఖాళీ చేయించిన రోజు ఫోనులో ఆ టైమరును తీసేయండి. నీళ్లు నిండి, వేడినీళ్ల కుళాయి నుంచి ధార వచ్చాకే మళ్లీ పెట్టండి. పొడిగా వెలిగితే ఎలిమెంటు పాడవుతుంది, లోపల నీళ్లు ఉన్నదీ లేనిదీ మాడ్యూల్‌కు తెలియదు. పని పూర్తయ్యాక ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్ నొక్కించి చూడండి. అది పడి కరెంటు తెగకపోతే ఎలక్ట్రీషియన్‌ను పంపకండి.