ఫోటోలో వచ్చిన వర్గ సమీకరణాలను స్క్రీన్ రీడర్‌తో చదివించడం ఎలా?

ప్రశ్న:
సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మాయికి చూపు లేదు. పదో తరగతి ఇంగ్లిష్ మీడియంలో చదువుతోంది. మిగతా పాఠాలన్నీ ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ (తెరపై ఉన్నదాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్) సాయంతో తానే వింటుంది గానీ, లెక్కల దగ్గర ఆగిపోతోంది. మాస్టారు వాట్సాప్‌లో పంపే ప్రశ్నపత్రం ఫోటో కాబట్టి ఇన్సర్ట్, ఆర్ మీటలు కలిపి నొక్కి అక్షరాలను గుర్తింపజేస్తున్నాం. "ఎక్స్ స్క్వేర్" అనవలసిన చోట "ఎక్స్ 2" అంటోంది, భిన్నంలోని గీత అసలు వినిపించడం లేదు. నేను డ్యూటీకి వెళ్లిన రోజున చదివి చెప్పేవారు లేక ఆమె లెక్కలు ముట్టుకోవడం లేదు. దయచేసి మార్గం చెప్పగలరు.

సమాధానం:
అమ్మా, ఇందులో మీ అమ్మాయి పొరపాటేమీ లేదు. ఆ మీటలతో జరిగే అక్షర గుర్తింపు మామూలు వాక్యాల కోసం తయారైనది. ఘాతం పైన ఉందనీ, హారం కింద ఉందనీ అది గ్రహించలేదు. "1 బై ఎక్స్ ప్లస్ 1" అని వినిపిస్తే హారం ఎక్స్ ఒక్కటేనా, లేక ఎక్స్ ప్లస్ 1 మొత్తమా? ఎక్స్ విలువ 1 అయితే మొదటి అర్థంలో 2 వస్తుంది, రెండో అర్థంలో అర వస్తుంది. పిల్ల ఎంత శ్రద్ధగా విన్నా ఈ తేడా చెవికి అందదు.

అందుకని ముందు ఫోటోను గణిత నిర్మాణం తెలిసిన రూపంలోకి, అంటే మ్యాథ్‌ఎంఎల్‌లోకి మార్చుకోవాలి. మ్యాథ్‌పిక్స్ స్నిప్ అనే యాప్ ఈ పని చేస్తుంది. అందులో మౌస్‌తో గడి గీసి పట్టుకునే పద్ధతి చూపు లేనివారికి కష్టం కనుక, ఫోటో ఫైలునే ఎక్కించండి. వచ్చిన మ్యాథ్‌ఎంఎల్‌ను కాపీ చేసి వర్డ్‌లో కేవలం టెక్స్ట్‌గా పేస్ట్ చేస్తే సమీకరణంగా మారుతుంది.

ఎన్‌వీడీఏకు మ్యాథ్‌క్యాట్ (సమీకరణాలను చదివి వినిపించే సాధనం) తోడుగా ఉంటే, సమీకరణం మీద ఇన్సర్ట్, ఆల్ట్, ఎం కలిపి నొక్కి దాని లోపలికి వెళ్లవచ్చు. భిన్నం మీద కింది బాణం నొక్కితే లవంలోకి, అక్కడినుంచి కుడి బాణంతో హారంలోకి చేరుతుంది. పై బాణం వెనక్కి తెస్తుంది, ఎస్కేప్ బయటికి తీసుకొస్తుంది. నా దృష్టిలో అసలు మేలు ఇదే: లెక్కను ఒకరు చదివి వినిపించడం కాకుండా, తనకు అనుమానం వచ్చిన ముక్క దగ్గరికి తానే నాలుగుసార్లు వెళ్లి రాగలుగుతుంది.

వీలైతే మాస్టారిని ఫోటోకు బదులు వర్డ్ ఫైలే పంపమని అడగండి. వర్డ్‌లో ఆల్ట్, ఈక్వల్ మీటలు నొక్కితే సమీకరణం రాసే చోటు తెరుచుకుంటుంది, అప్పుడు ఈ మార్పిడి అవసరమే ఉండదు.

మళ్లీ అడిగిన ప్రశ్న:
చెప్పినట్లే చేశామండీ, భిన్నాలు స్పష్టంగా వినిపిస్తున్నాయి. అయితే ఒక లెక్కలో మైనస్ గుర్తు ఎగిరిపోయి ప్లస్‌గా వచ్చింది. ఆమె చేసిన జవాబు తప్పని తర్వాత తెలిసి బాధపడింది.

సమాధానం:
మసకగా గానీ, ఏటవాలుగా గానీ తీసిన ఫోటోలో అలా జరుగుతుంది. కాగితాన్ని బల్లపై పరిచి, మంచి వెలుతురులో నిటారుగా పైనుంచి తీయమని మాస్టారికి చెప్పండి. జవాబును బట్టి ఈ తప్పును పట్టుకోవడం కూడా కష్టమే. ఎక్స్ స్క్వేర్ మైనస్ 5 ఎక్స్ ప్లస్ 6 ఈక్వల్ టు 0 మూలాలు 2, 3. ఆ మైనస్ ప్లస్‌గా మారితే మైనస్ 2, మైనస్ 3 వస్తాయి. రెండూ పూర్ణాంకాలే కాబట్టి తనకు అనుమానమే రాదు. అందువల్ల మీరు డ్యూటీకి బయలుదేరే ముందు ఆమె గుర్తులను పైకి చదువుతుంటే, మీరు అసలు కాగితంతో ఒక్కసారి సరిచూడండి. ఆ తర్వాత లెక్క చేయడం పూర్తిగా ఆమెకే వదిలిపెట్టవచ్చు.