ఆపి ఉంచిన ఈవీలో చార్జింగ్ ఎటు పోతోంది?

ప్రశ్న:
నా కారు బ్యాటరీ ప్యాక్ 60 కిలోవాట్ అవర్లు. శుక్రవారం రాత్రి సెల్లార్‌లో పెట్టేటప్పుడు 78 శాతం ఉంది. ఆ పై వారం ఆదివారం రాత్రి తీసేసరికి 66. మధ్యలో తాళం కూడా ముట్టుకోలేదు. యాప్‌లో మాత్రం పొద్దున, మధ్యాహ్నం, పడుకోబోయే ముందు చూస్తూనే ఉన్నాను, తగ్గుతూనే ఉంది. ఏసీ వేయలేదు, కాపలా కెమెరాలు ఆఫ్‌లోనే ఉన్నాయి. సర్వీస్ వాళ్లనడిగితే "నార్మలే సార్" అని ఫోన్ పెట్టేశారు. వచ్చే నెల ఆరు వారాలు నేను ఊళ్లో ఉండను. సెల్ ఏదైనా పోయిందేమోనని టెన్షన్‌గా ఉంది. తిరిగొచ్చేసరికి కారు కదులుతుందా?

జవాబు (ఆటో ఎలక్ట్రీషియన్‌ని):
సెల్ సంగతి తర్వాత. లిథియం అయాన్ సెల్ తనంతట తాను పోగొట్టుకునేది మామూలుగా నెలకు రెండు మూడు శాతమే. మీకు పోయిన 12 శాతం అంటే 7.2 యూనిట్లు. తొమ్మిది రోజులకు పంచితే సగటున 33 వాట్లు, రాత్రీ పగలూ. నిద్రలో ఉన్న కారుకు అంత అక్కర్లేదు. మేలుకుంటే మాత్రం 200, 300 వాట్లు లాగేవి ఉన్నాయి. 250 వేసుకున్నా మీ బండి రోజుకు మూడు గంటలకు పైగా మేలుకునే ఉంటోంది. మరి లేపుతున్నదెవరు?

చుట్టూ చప్పుడు లేనప్పుడు కారు పక్కన నిలబడి యాప్ తెరిచి చూడండి. చాలా మోడళ్లలో అడుగు నుంచి "టక్" మని వినిపిస్తుంది. అది పెద్ద ప్యాక్ కాంటాక్టర్, అంటే ప్యాక్‌ను బండికి కలిపే పెద్ద స్విచ్, మూసుకున్న చప్పుడు. కంప్యూటర్లు లేచాయి, వాటిని నడిపే 12 వోల్టుల చిన్న బ్యాటరీకి చార్జింగ్ మొదలైంది అన్నమాట. మీరు యాప్ మూసినా అది వెంటనే పడుకోదు, పావుగంటో అరగంటో పడుతుంది. శాతం ఎంత తగ్గిందో చూడ్డానికే మీరు దాన్ని లేపుతున్నారండి!

ఫోన్ విడ్జెట్, వాచీలో యాప్, ఓబీడీ పోర్టులో (మెకానిక్ స్కానర్ తగిలించే సాకెట్) గుచ్చిన డాంగిల్, కారుకు దగ్గర్లో వేలాడే తాళం, వీటిలో ఏది ఉన్నా అదే తంతు. కాపలా కెమెరాలు ఆఫ్ చేసి మంచి పని చేశారు. టెస్లాలో సెంట్రీ మోడ్ ఆన్‌లో ఉంటే రోజు గడిచేసరికి చెప్పుకోదగ్గ రేంజ్ పోతుంది.

జవాబు:
ఎందుకండీ ఈ గోలంతా? 12 వోల్టుల బ్యాటరీ నెగెటివ్ వైరు పీకేసి హాయిగా వెళ్లండి. పాత పెట్రోల్ బండికి ఎప్పుడూ అదే చేసేవాణ్ణి.

జవాబు (ఆటో ఎలక్ట్రీషియన్‌ని):
పెట్రోల్ బండికి సరే. ఈవీలో మాన్యువల్ చెప్పకుండా ఆ పని వద్దు. కొన్నిటికి బానెట్, డిక్కీ, చార్జింగ్ మూత అన్నీ కరెంటుతోనే తెరుచుకుంటాయి. వైరు పీకి బానెట్ మూశారనుకోండి, ఆ వైరు మళ్లీ తగిలించడానికి బానెట్ తెరుచుకోదు. ఇలా ఇరుక్కుని ఫోన్ చేసినవాళ్లు నాకు ఉన్నారు.

బండి అసలు మొరాయించేది కూడా ఈ చిన్న బ్యాటరీ దగ్గరే. పెద్ద ప్యాక్‌లో 60 శాతం ఉన్నా, 12 వోల్టులది చచ్చిపోతే కాంటాక్టర్ మూసుకోదు, తలుపు కూడా తెరుచుకోకపోవచ్చు. చాలా కార్లు నిద్రలో కూడా అప్పుడప్పుడు లేచి ప్యాక్ నుంచి దానికి కాస్త పోస్తాయి. అన్నీ ఆ పని చేయవు, మీ మోడల్ సంగతి మాన్యువల్‌లో చూడండి.

ప్రశ్న అడిగినవారు:
టక్‌మని వినిపించింది! విడ్జెట్ తీసేశాను. బండి కొన్నప్పుడు పెట్టించిన ట్రాకర్ డాంగిల్ ఒకటి ఓబీడీలో ఉంది, అదీ పీకేశాను. రాత్రి పడుకునేముందు ఎంత ఉందో పొద్దున అంతే ఉంది. మరి వెళ్లే ముందు ఫుల్ చేసి వెళ్లనా? నాది ఎన్‌ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్ రకం లిథియం) ప్యాక్.

జవాబు (ఆటో ఎలక్ట్రీషియన్‌ని):
ఫుల్ వద్దు. నిండు చార్జింగ్‌తో, అందులోనూ వేడిలో, వారాల తరబడి ఉంటే సెల్ తొందరగా ముసలిదవుతుంది. ప్లగ్ దొరికితే లిమిట్ 50 దగ్గర పెట్టి తగిలించే వెళ్లండి. లేకపోతే 70 దగ్గర వదలండి. రోజుకు ఒక శాతం పోయినా ఆరు వారాలకు 28 మిగులుతుంది. 20 కిందికి మాత్రం పోనివ్వకండి. యాప్ వారానికోసారి చూస్తే చాలు.

ఇంకో మాట, మీ 12 వోల్టుల బ్యాటరీ ఎప్పటిది? లెడ్ యాసిడ్‌దై మూడు నాలుగేళ్లు దాటితే వెళ్లే ముందే లోడ్ టెస్ట్ (బరువు మీద ఎంత తట్టుకుంటుందో చూసే పరీక్ష) చేయించండి.